తల లేని ఫొటో

మే 29, సోమవారం

సెర్వా అక్కా,

తిన్నారా మీరిద్దరూ? నిన్నటి నుంచి మూడుసార్లు మొదలుపెట్టి చెరిపేశాను. ఎలా రాయాలో తెలీక.

అమ్మమ్మ పోయింది అక్కా. శనివారం పొద్దున, సంతకి బయల్దేరే వేళకి. నత్తల బుట్ట సర్దుకుంటూ "ఒపోకూ, నీళ్ళు" అంది. తెచ్చేలోపే అయిపోయింది. నీళ్ళు నా చేతిలోనే ఉండిపోయాయి.

ఇప్పుడు మార్చురీలో ఉంచారు. అంత్యక్రియలు జూన్ 24 శనివారం అని ఇంటిపెద్ద మావయ్య చెప్పాడు. అమ్మమ్మ నలభై ఏళ్ళు నత్తలమ్మిన మనిషి కాబట్టి నల్లగుడ్డ మీద ఎర్ర నత్తలు అచ్చు వేయిస్తున్నారు. ఇంటివాళ్ళందరం అదే కట్టుకోవాలట. మన కోసమే వేయించేది, ఇంకెవరి దగ్గరా ఉండదు. నీకూ ఒక ముక్క తీయిస్తాను.

నిన్న ఫ్రింపాంగ్ బావ వచ్చాడు. అల్లుడిలాగా రెండు సారా సీసాలు పట్టుకుని, నల్లచొక్కా వేసుకుని వచ్చాడు. ఆడవాళ్ళతో కలిసి ఏడ్చాడు. బాగానే ఏడ్చాడు. తర్వాత పిండిమర దగ్గరికొచ్చి నా భుజం మీద చెయ్యేసి, "ఏరా బామ్మర్దీ, మీ అక్క నీకు ఫోన్ చెయ్యకుండా ఎలా ఉంటుందిరా?" అన్నాడు. మర పెద్దగా తిరుగుతోంది. వినపడనట్టు మొక్కజొన్న పోస్తూ ఉండిపోయాను. ఆయన అక్కడే నిలబడ్డాడు. మూడు సంచులు ఆడేదాకా నిలబడ్డాడు.

నా మేనకోడలు అఫ్రాకోమాకి ముద్దు.

ఒపోకు


మే 31, బుధవారం

ఒపోకూ, నా తండ్రీ,

స్నానాల గదిలో నీళ్ళు వదులుకుని ఏడ్చాను, పక్కవాళ్ళకి వినపడకూడదని. ఇక్కడ నాకొక అమ్మమ్మ ఉందనే ఎవరికీ తెలీదు. ఉందని చెప్తే ఏ ఊరని అడుగుతారు.

అతన్ని బావ అనకు. వాళ్ళు పెళ్ళికి తెచ్చిన సారా సీసాలు మావయ్య ఇంకా వెనక్కివ్వలేదు, ఆ పెళ్ళిసీసాలు తిరిగిచ్చేదాకా పెళ్ళి తెగనట్టే, అందుకని ఊళ్ళో అందరి దృష్టిలో నేనింకా అతని పెళ్ళాన్నే. అది తెలుసు నాకు. నేనిక్కడ కేటాలో ఉన్నానని తెలిస్తే మావయ్యే వచ్చి చెయ్యి పట్టుకుని అతని బండెక్కిస్తాడు. అందుకే నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

పోయినేడు కుమాసి అవతల పేటలో ఎలా దొరికిపోయానో మర్చిపోయావా? పక్కింటావిడ పిల్లలందరినీ నిలబెట్టి ఫొటో తీసి ఫోన్లో పెట్టింది. మన పిల్ల మొహం సగమే పడింది. బడి గౌను మాత్రం మొత్తం పడింది. ఆ పసుపు గళ్ళు ఏ బడివో అడిగి తెలుసుకుని, గేటు దగ్గర నిలబడ్డాడు. నా చెయ్యి విరిగింది ఆ రోజే. ఆస్పత్రికి వచ్చింది నువ్వొక్కడివే.

కాబట్టి విను. ఫోన్లో నా పేరు మార్చు. ఇవన్నీ చదివాక చెరిపెయ్యి. పిల్ల ఫొటోలుంటే తీసెయ్. నువ్వు పెట్టే స్టేటస్ ఎవరెవరు చూడచ్చో నువ్వే ఏరుకో, ఫోన్ ఎలా చెప్తే అలా వదిలెయ్యకు. ఆస్పత్రిలో తీసిన నా ఫొటో ఒక్కటి మాత్రం ఉంచు. ఎప్పటికైనా కోర్టుకి కావాలి. నా ఫోన్లో ఉంటే నేనే మాటిమాటికీ చూసుకుంటాను, అందుకే నీ దగ్గర పెట్టాను. కానీ ఎవ్వరికీ చూపించకు. ఆ మొహంతో నన్ను ఎవరూ చూడకూడదు.

నేను రాలేను రా. గుడ్డ మాత్రం పంపు. మీరక్కడ మట్టి వేసే వేళకి నేనిక్కడ కట్టుకుని కూర్చుంటాను.

నీ పేరు నా ఫోన్లో "గ్యాస్ అబ్బాయి".

అక్క


జూన్ 12, సోమవారం

మర బెల్టు గారికి నమస్కారం,

నా ఫోన్లో నీ పేరు అదే. ఎవరైనా చూసినా, ఇంత పొడుగు ఉత్తరాలు రాసే బెల్టేంట్రా అనుకుంటారు.

గుడ్డ పంపించాను. పొట్లం మీద పేరు రాయమన్నాడు డ్రైవరు. ఎర్ర గొడుగు పట్టుకున్న ఆవిడ తీసుకుంటుంది అన్నాను. "పేరు లేని పొట్లంలో ఏముందిరా, పామా?" అన్నాడు. "నత్తలు" అన్నాను. బస్సంతా నవ్వింది. నేను అబద్ధమేం చెప్పలేదుగా.

పోస్టరు కూడా అచ్చయింది. అమ్మమ్మ ఫొటో, కింద పిల్లలూ మనవల పేర్లు, ఒక్కొక్కళ్ళ పక్కన వాళ్ళుండే ఊరు. ఇంటింటి గోడకీ అంటించారు, అందరి ఫోన్లలోనూ తిరుగుతోంది. నీ పేరు పక్కన ఏమీ లేదు. అచియా పిన్ని పోస్టరు ముందు నడుం మీద చెయ్యేసుకుని, "అందరికీ ఊళ్ళున్నాయి, దీనికి లేదేం? గాల్లో వేలాడుతోందా?" అంది. గుడ్డ పంచేటప్పుడైతే మరీ. "సెర్వా ముక్క సెర్వా తీసుకోలేదు, అందరూ గుర్తుపెట్టుకోండి. అమ్మమ్మ వీపు మీద పెరిగింది, అమ్మమ్మ గుడ్డకి సిగ్గుపడింది" అని వాకిట్లో అందరి ముందూ అంది. గుడ్డ కట్టుకోనివాళ్ళు ఇంటి బిడ్డలు కారు అని కూడా అంది.

అప్పటికే నీ ముక్క బస్సులో ఉంది. నోటిదాకా వచ్చింది. మింగేశాను. కడుపులో ఇంకా ఉంది ఆ మాట.

కుట్టించుకున్నాక ఒక్క ఫొటో పంపవా? చూసుకుంటాను, అంతే.

ఒపోకు


జూన్ 18, ఆదివారం

ఒపోకూ,

కుట్టించుకున్నాను. మా సందు మొదట్లో మేడమ్ జీఫా అని ఉంది, చేతులకి కుచ్చులు పెట్టి ఎంత బాగా కుట్టిందో. వేసుకుని అద్దం ముందు నిలబడితే అఫ్రాకోమా "అమ్మా, నీ మీద నత్తలు పాకుతున్నాయి" అని ఒకటే గోల. ఈ నెలలో మొదటిసారి నవ్వాను.

జీఫా తన ఫోన్లో ఫొటో తీసింది. మొహం రాకూడదని చెప్పి ఆమె చేతే తల దగ్గర కత్తిరింపించాను. నీకెందుకమ్మా అంత సిగ్గు అంటుంది. సిగ్గనే అనుకోనీ. ఆ ఫొటోనే నీకు పంపుతున్నాను. చూడు, చెరిపెయ్యి.

పిన్ని మాటలకి బాధపడకు. ఆమె ఏమన్నా నాకు దెబ్బ తగలదు.

అక్క


జూన్ 20, మంగళవారం పొద్దున

అక్కా!

పిన్ని నోరు మూయించాను!

కోపగించుకోకు, ముందు మొత్తం విను. నిన్న సాయంత్రం మళ్ళీ అందుకుంది. ఈసారి మర దగ్గర, ముక్కూమొహం తెలీని ఆడవాళ్ళ ముందు. నాకు నోరేమో రాదు. ఇంటికెళ్ళి నీ ఫొటో స్టేటస్ పెట్టాను. "మా అక్క గుడ్డ" అని రాశాను, అంతే. తల లేదు కదా. నువ్వు చెప్పినట్టు ఎవరు చూడచ్చో ఏరాను కూడా, అతని నంబరు తీసేశాకే పెట్టాను. పొద్దున్నకి ముప్పై ఏడుమంది చూశారు. పిన్ని చూసి, "కుచ్చులు బాగున్నాయే" అంది. అంతే, ఇంకేం మాట్లాడలేదు!

నాకెంత బాగుందో చెప్పలేను.

ఒపోకు


జూన్ 20, మంగళవారం పొద్దున

వెంటనే తీసెయ్.

తీసేముందు ఆ ఫొటో పెద్దది చేసి కింద అంచు చూడు. ఏదో ఉంది కదా? నేనిప్పుడే చూశాను, నా కళ్ళు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో. ఏం రాసుందో నాకు రాయి.


జూన్ 20, మంగళవారం పొద్దున

తీసేశాను.

కింద పువ్వుల తీగలాగా ఉంది అక్కా, నేను కర్టెను లేసు అనుకున్నాను. ఇప్పుడు పెద్దది చేస్తే అక్షరాలు. మెలికలు తిప్పి రాసింది. డి, జెడ్, ఐ, ఎఫ్, ఎ, అంటే జీఫా. తర్వాత కత్తెర బొమ్మ. తర్వాత కె, ఇ, టి, ఎ. తర్వాత పది అంకెలు, ఫోన్ నంబరు.

అక్కా, ఆ నాలుగూ కలిపి చదివాను. కేటా.

చూసినవాళ్ళ పేర్లన్నీ మళ్ళీ చూశాను. ఇరవై రెండోవాడు ఫ్రింపాంగ్ షెడ్డులో వెల్డింగ్ చేసే కుర్రాడు. బంతాట ఆడేటప్పుడు నంబరు తీసుకున్నాడు. అతని నంబరు ఒక్కటే తీశాను, వీడి సంగతి నాకు తట్టనేలేదు.

ఏదో ఒకటి అనక్కా. తిట్టు.


జూన్ 22, గురువారం, పొద్దున ఏడు

ఒపోకూ,

తల కత్తిరించి కింద వదిలేసింది నేను. ఆ తప్పు నాది, ఒప్పుకుంటాను.

నిన్న మధ్యాహ్నం జీఫాకి ఎవరో ఫోన్ చేశారట. "ఆ నత్తల గౌను లాంటిదే మా ఆవిడకి కావాలమ్మా, షాపెక్కడ?" అని. ఎంత మర్యాదగా మాట్లాడాడో అని మురిసిపోతూ చెప్పింది నాకు. సంత వీధి, నీలం చర్చి పక్కన అని చెప్పేసింది. నా గది ఆ చర్చి వెనకే.

ఇప్పుడొకటి అడుగుతాను. పిన్ని కూతురు అందరికీ కనపడేలా పెట్టిన ఫొటోలో నిన్ను చూశాను, పందిరి గుంజలు మోస్తున్నావు. నీ మెళ్ళో తెల్ల ఇయర్‌ఫోన్లున్నాయి. కొత్తవి. మర దగ్గర పిండి తప్ప ఏమీ దొరకని వాడికి అవెక్కణ్ణించి వచ్చాయి?

అతను నాకు కూడా మొదట ఏదో ఒకటి కొనిచ్చేవాడు.

నిజం రాయి. అబద్ధమైతే రాయకు.


జూన్ 22, గురువారం, పొద్దున తొమ్మిది

అక్కా,

అతనే ఇచ్చాడు. మొదటిసారి వచ్చిన రోజే. మావయ్య పక్కనే ఉన్నాడు, అల్లుడిచ్చింది వద్దంటే ఇంటికి అవమానం అని కళ్ళెర్రజేశాడు. తీసుకున్నాను. నీకు చెప్తే ఇదే అనుకుంటావని చెప్పలేదు. పాటలు బాగా వినపడతాయి, అందుకని పెట్టుకున్నాను. అది కూడా నిజమే. నేను నిన్ను అమ్ముకోలేదక్కా. ఇంకెలా చెప్పాలో నాకు రాదు.

అది పక్కన పెట్టు. అతను బయల్దేరాడు.

ఎనిమిదింటికి వాకిట్లోకొచ్చి మావయ్యకి దండం పెట్టి, "నా భార్య ఆచూకీ దొరికింది. అంత్యక్రియల్లో నా పక్కన కూర్చోవాలి కదా, వెళ్ళి తీసుకొస్తాను" అన్నాడు. మావయ్య సంతోషంగా "జాగ్రత్తగా వెళ్ళిరా అల్లుడూ" అన్నాడు. నేను నీళ్ళ డ్రమ్ము వెనక ఉన్నాను. బండి నా పక్కనుంచే వెళ్ళింది. సాయంత్రానికి నీ ఊళ్ళో ఉంటాడు. సర్దుకో అక్కా, ఏదీ వదలకు, పిల్లని బడికి పంపకు.

ఇంకొకటి. పెద్దలందరూ ఇప్పుడు వాకిట్లో కూర్చున్నారు. ఆస్పత్రి ఫొటో నా దగ్గరుంది. అది మావయ్య చేతిలో పెడితే ఈ పూటే సీసాలు వెనక్కిచ్చేస్తాడు. అప్పుడు అతనికి నువ్వేమీ కావు, నిన్ను ముట్టుకుంటే ఊరంతా మీద పడుతుంది. నాకు నలుగురిలో గొంతు పెగలదు, నీకు తెలుసు. ఫొటో అయితే అదే మాట్లాడుతుంది.

కానీ ఈసారి అడక్కుండా చెయ్యను. చూపించనా? ఒక్క మాట చాలు. గోడ పక్కన నిలబడ్డాను.


జూన్ 22, గురువారం, పొద్దున తొమ్మిదింబావు

వద్దు.

చూసి అందరూ పాపం అంటారు. ఒకడు నాకూ పంపరా అంటాడు. శనివారానికి అమ్మమ్మ పోస్టరు పక్కనే నా మొహమూ తిరుగుతుంది. ఆ తర్వాత నేనెక్కడికెళ్ళినా ఆ మొహమే నాకంటే ముందు వెళ్తుంది. అతని చేతుల్లోంచి తప్పించుకున్నది అందరి చేతుల్లో పడటానికి కాదు.

ఆ రోజు చూసింది నువ్వు. నీ నోటితో చెప్పు. రాకపోతే వచ్చేదాకా నిలబడు.

మేం వెళ్తున్నాం. ఈ ఫోన్ ఆపేస్తున్నాను.


జూన్ 23, శుక్రవారం

అక్కా,

ఒకే టిక్కు పడుతోంది. అయినా రాస్తున్నాను.

వెళ్ళాను. పెద్దలు తొమ్మిదిమంది, మధ్యలో మావయ్య. అంత్యక్రియల్లో తిండి ఎవరు వండాలని గొడవ పడుతున్నారు. మావయ్య నన్ను చూసి, "ఏరా, మర ఆగిపోయిందా?" అన్నాడు. చెప్పులు విడిచి నిలబడ్డాను. అచియా పిన్ని నవ్వింది, "చూడండి చూడండి, నత్త తల బయటపెట్టింది!" అని. అందరూ నవ్వారు. అంత నవ్వుతుంటే నా మాట అడ్డం తిరిగి "సీ... సీ..." దగ్గర ఆగిపోయింది. సీసాలు అనడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలీదు. నువ్వు చెప్పినట్టు వచ్చేదాకా నిలబడ్డాను.

"సెర్వా అక్క పెళ్ళిసీసాలు ఈ రోజే వెనక్కివ్వండి మావయ్యా."

నవ్వు ఆగిపోయింది. "చిన్నపిల్లలు అడిగే మాటేనా ఇది?" అన్నాడు మావయ్య.

చెప్పాను అక్కా. చెయ్యి మోచేతి దగ్గర ఎటు తిరిగిందో చెప్పాను. వాపుకి పూసల గాజు రాకపోతే నర్సు కత్తెరతో కోసిందని చెప్పాను. అఫ్రాకోమా మంచం కింద దూరి ఎంత పిలిచినా రాకపోతే, నేనే కింద పడుకుని దాని పక్కన సాయంత్రం దాకా ఉన్నానని చెప్పాను. నీ మొహం గురించి చెప్పలేదు. అది నీది.

"ఇదంతా నిజమని ఏంటి రుజువు? ఫొటో ఏమైనా ఉందా?" అన్నాడు మావయ్య.

"ఉంది."

"ఏదీ, చూపించు."

"చూపించను. అక్క వద్దంది."

ఒక పెద్దాయన లేచి, "ఇంటిపెద్ద అడిగితే కాదంటావురా!" అని కర్ర ఎత్తాడు. ఇంకొకాయన "ఫోన్ లాక్కోండి వాడి దగ్గర" అన్నాడు. రెండు చేతులూ జేబులో పెట్టి ఫోన్ పట్టుకున్నాను. మావయ్య చెయ్యెత్తి అందర్నీ ఆపి అడిగాడు. "పోనీ, సెర్వా ఎక్కడుందో తెలుసా నీకు?"

"తెలుసు. చెప్పను."

అంత పెద్దగా నేనెప్పుడూ మాట్లాడలేదు. కోళ్ళు కూడా పక్కకి జరిగాయి.

అప్పుడు అచియా పిన్ని లేచింది. మళ్ళీ ఏదో అంటుందనుకున్నాను. మావయ్య ముందు నిలబడి, చిన్నగా, "అన్నయ్యా, నేనూ రెండుసార్లు మెట్ల మీంచి జారిపడ్డాను, గుర్తుందా? మా ఇంటికి మెట్లు లేవు" అంది. మావయ్య ఆమె వైపు చూడలేకపోయాడు. పిన్నే గదిలోకెళ్ళి రెండు సీసాలు తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది.

పన్నెండింటికి ఇద్దరు పెద్దలు సీసాలు తీసుకుని కుమాసిలో ఫ్రింపాంగ్ తండ్రి ఇంటికి వెళ్ళారు. వాళ్ళు పుచ్చుకున్నారని కబురొచ్చాక మావయ్య అతనికి ఫోన్ చేశాడు, అందరూ వినేలా. "నిన్ను అల్లుడూ అనడం ఇదే ఆఖరు. నీ పెళ్ళి తెగింది. వెనక్కి తిరుగు. మా పిల్ల మీద చెయ్యి పడితే శనివారం నేను పూడ్చేది ఒకళ్ళని కాదు" అన్నాడు. అటు నుంచి కేకలు. "నేను షాపు ముందే ఉన్నాను" అన్నాడు అక్కా. అదొక్క మాటే నాకు సరిగ్గా వినపడింది. తర్వాత పెట్టేశాడు.

ఇయర్‌ఫోన్లు ఆ సీసాలతోపాటే పంపించేశాను.

ఒక్క టిక్కు రెండైతే చాలు.

ఒపోకు


జూన్ 25, ఆదివారం

ఒపోకూ,

క్షేమంగా ఉన్నాం. ఇది కొత్త నంబరు. నీదొక్కటే ఉంది ఇందులో. పాతదాంట్లో నువ్వు రాసినవన్నీ ఇవాళ ఒకేసారి వచ్చాయి, చదివాక దాన్ని మూసేశాను.

జీఫాకి వెళ్ళేముందు అంతా చెప్పేశాను. పాపం తెల్లబోయింది, అడక్కుండా నంబరు వేసినందుకు ఏడ్చింది. కానీ నిన్న వేరేవాళ్ళ ఫోన్లోంచి ఆవిణ్ణి అడిగాను, అతనొస్తే చూడాల్సిందట ఆవిడని. ఫోన్ మొహం మీద పెట్టి "ఈవిడెక్కడుంటుంది?" అని అరిచాడట. ఆవిడ కుట్టు ఆపకుండా, "తల లేని ఫొటో తెచ్చి ఎవరని అడిగితే నేనేం చెప్పనయ్యా? నేను మెడ కిందే కొలతలు తీస్తాను. మీ ఆవిడకి గౌను కావాలన్నావుగా, తీసుకురా, కుడతాను" అందట. చుట్టూ సంత ఆడవాళ్ళు మూగారు. కాసేపు అక్కడే తిరిగి వెళ్ళిపోయాడట.

నిన్న పదకొండింటి నుంచి గుడ్డ కట్టుకుని కూర్చున్నాను. పిల్ల నా ఒళ్ళో కూర్చుని నత్తలు లెక్కపెట్టింది.

నిన్ను ఆ ఇయర్‌ఫోన్ల మాట అన్నందుకు నా నాలుక తెగ. భయపడ్డ మనిషికి అందరూ ఒకేలా కనపడతారు రా. నువ్వు ఆ వాకిట్లో నిలబడ్డది చదివి, ఎన్నిసార్లు చదివానో చెప్పను.

ఇప్పుడు చెప్పేది బాధపడకుండా విను. మేమెక్కడున్నామో ఈసారి నీకు కూడా చెప్పను. నమ్మకం లేక కాదు. నిన్ను ఎవరైనా కర్రెత్తి అడిగితే, నిజంగానే నీకు తెలియకూడదు. ఇంకొకసారి అలా నిలబడే అవసరం నీకు రాకూడదు. రాస్తూ ఉంటాను. ఆస్పత్రి ఫొటో ఇప్పుడు నాకు పంపేసి, నీ దగ్గర తీసెయ్. నాది నేనే దాచుకుంటాను.

నీ అక్క


జూన్ 25, ఆదివారం

అక్కా,

ఫొటో పంపాను. తీసేశాను. తీసేశాక, తీసేసినవి దాచే చోట కూడా వెతికి తీసేశాను.

అమ్మమ్మని నిన్న పన్నెండింటికి దించాం. సగం మట్టి వేశాక పెద్ద వాన. ఎవరూ కదల్లేదు. కొత్త గుడ్డ కదా, ఎర్ర రంగు కారి అందరి కాళ్ళ మీదా చారలు. అచియా పిన్ని నా పక్కనే నిలబడింది. మనవల పేర్లలో నీ పేరు చదివినప్పుడు గట్టిగా "ఉన్నాం" అంది, నీ బదులు. చుట్టూ ఫోన్లు పట్టుకుని తీస్తుంటే నేను తల దించుకున్నాను.

మావయ్య ఇవాళ మర దగ్గరికొచ్చాడు. ఏమీ అడగలేదు. పిండి పట్టించుకుని వెళ్ళాడు, ఇంట్లో పిండి ఉండగానే.

ఎక్కడున్నావని నేను అడగను. ఎప్పుడూ అడగను. బాగున్నావా అని మాత్రం అడుగుతాను, దానికి జవాబు రాయి.

మీ దగ్గర కూడా వాన పడిందా అని రాశాను ఇక్కడ. మళ్ళీ చెరిపేశాను.

ఒపోకు